రూ.1,800 పోసి కొన్న ఆరు కర్రలు

శంకర్‌పల్లి దగ్గర మాకు నాలుగు గుంటల జాగా ఉంది. ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో యాపిల్ కాసిందని పేపర్లో చదివిన దగ్గర్నుంచి మా ఆవిడది ఒకటే పట్టు, మన పెరట్లోనూ ఓ చెట్టుండాలని. పోయినేడు జనవరిలో హిమాచల్ వెళ్ళింది పేరుకి అత్తయ్యకి మంచు చూపించడానికి. అసలు పని మొక్కలే. చలికి నిద్రపోయే ఆ రెండు మూడు నెలల్లోనే వాటిని మట్టి లేకుండా, వట్టి వేళ్ళతో అమ్ముతారు.

కల్కా, బొమ్మ రైలు, షిమ్లా... అన్నీ సవ్యంగానే జరిగాయి.

షిమ్లా నుంచి నార్కండకి టాక్సీ రూ.3,000. దారిలో మొక్కల కట్టలు పెట్టుకున్న ఒకతని దగ్గర డ్రైవరే ఆపాడు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. "మీ వేడికి 'అన్నా' అనే రకం పెట్టండి, పుప్పొడికి పక్కనే డార్సెట్ గోల్డెన్ రకం ఉండాలి" అన్నాడు. నేను చదివిందీ అదే, కాబట్టి నమ్మేశాను. ఒక్కోటి రూ.350 చెబితే మా బావమరిది 300కి దింపాడు. ఆరు మొక్కలు, రూ.1,800. ఎర్ర దారంతో పేర్ల చీటీలు కట్టిచ్చాడు గానీ బిల్లు మాత్రం ఇవ్వలేదు. నార్కండ చేరేదాకా కార్లో బావమరిది బేరం కథే.

నార్కండ హోటల్ గురించి రెండే ముక్కలు. గది రూ.3,200, హీటర్‌కి వేరే 400, వేణ్ణీళ్ళు బకెట్‌కి 50. దుప్పటి తడి తడిగా ఉంది. వెళ్ళకండి.

మర్నాడు థానేధార్‌లో ఒక తోటలోని ఇంట్లో దిగాం. గది రూ.2,500, రెండు పూటలా భోజనంతో. 1916లో శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ రెడ్ డెలిషియస్ యాపిల్ నాటింది ఈ చుట్టుపక్కలే. ఇంటి పెద్దాయన్ని అందరూ బాబూజీ అంటారు. రాత్రి సిద్దూ పెట్టారు. గోధుమ పిండి పులియబెట్టి, లోపల గసగసాలు, అక్రోటు కూరి ఆవిరి మీద ఉడికిస్తారు, పైన నెయ్యి ధారగా పోస్తారు. నార్కండలో పెదవి విప్పని అత్తయ్య "మన కుడుమేగా" అంటూ మూడు తిన్నారు.

భోజనమయ్యాక బావమరిది గొప్పగా కట్ట విప్పాడు. బాబూజీ ఒక మొక్క తీసుకుని, వేరు పైనుంచి జానెడు మేర బొటనవేలితో తడుముకుంటూ వెళ్ళారు. "అంటు ఏదీ?" అన్నారు. అంటే, కావలసిన రకం కొమ్మని వేళ్ళున్న వేరే మొక్క మీద అతికించిన చోటు. తన తోట మొక్క దగ్గరికి తీసుకెళ్ళి టార్చి వేశారు. అక్కడ కాండం చిన్న మోచేయిలా వంగి, బెరడు రెండు రంగుల్లో ఉంది. మా ఆరూ నున్నగా, తిన్నగా ఉన్నాయి. గింజ మొలకలన్నమాట. యాపిల్ గింజ తల్లి రకాన్ని ఇవ్వదు. అవి పెరిగి ఏం కాస్తాయో ఆ అమ్మినవాడికీ తెలీదు. పైగా రెండింటి వేళ్ళకి శనగ గింజలంత గడ్డలు. "ఇవి నాటితే ఆ రోగం నీ మట్టిలో దిగుతుంది" అని ఆ రెంటినీ గదిలోని పొయ్యిలో పడేశారు. బావమరిది మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

"మీ తోటలో రాయల్ డెలిషియస్ ఇవ్వండి పోనీ" అంది మా ఆవిడ. ఆయన నవ్వి, "మీ ఊళ్ళో ఏడు డిగ్రీల కింద ఎన్ని గంటలు చలి ఉంటుందమ్మా?" అని అడిగారు. ఆ రకానికి దాదాపు వెయ్యి గంటలు కావాలి, లేకపోతే మొగ్గ సరిగా విచ్చుకోదు. చేతిలో డబ్బు పెడతామంటున్నా మొక్క అమ్మనన్న మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. హిమాచల్‌లోనే బిలాస్‌పూర్ జిల్లా పనియాలాలో హరిమాన్ శర్మ తీసిన, వేడిలోనూ కాసే హెచ్‌ఆర్‌ఎంఎన్-99 రకం తెప్పించుకోమన్నారు. అంటు కట్టిన చోటు నేలకి నాలుగు వేళ్ళ పైన ఉండేలా నాటాలనీ, అది మట్టిలో పూడితే పై కొమ్మే వేళ్ళు వేసుకుని, కింది మొక్క ఎంచుకుని ఏం లాభమనీ చెప్పారు. మన దగ్గర చలి చాలదు కాబట్టి, చెట్టు నిద్రపోయేలా శీతాకాలం మొదట్లో నీళ్ళు తగ్గించి, ఆకు చేత్తో దూసేయమన్నారు.

ఈ జనవరిలో రెండు మొక్కలు కొరియర్లో తెప్పించాం, ఖర్చులతో కలిపి రూ.940. పార్సిల్ వచ్చిందని ఫోన్ చేస్తే బావమరిది కూకట్‌పల్లి నుంచి వచ్చాడు. కత్తెర కూడా అడక్కుండా గోనె చింపి, రెండింటికీ అంటు తడిమి చూసుకున్నాకే టీ తాగాడు.