పండుగలు మెయిన్ రెపోలోనా, పక్కన ప్యాకేజీలోనా?

హన్మకొండలో మేం నలుగురం కలిసి నడిపే క్యాలెండర్ యాప్ కోడ్‌ను ఓపెన్ సోర్స్‌లో, అంటే ఎవరైనా చూసి మార్చుకునేలా, పెట్టినప్పటి నుంచి మాకు ఇదే పంచాయితీ: పండుగలు, మత గ్రంథాలు యాప్ అసలు కోడ్ ఉండే మెయిన్ రెపోలో పెట్టాలా, విడిగా ఎక్కించుకునే ప్యాకేజీలోనా? "అన్నా, విష్ణు సహస్రనామం కూడా కలుపుదాం, నేనే టైప్ చేసిస్తా" అని ఒక తమ్ముడు. రోజూ ఖురాన్ వాక్యం ఒకటి చూపిద్దామని ఇంకొకరు. "సాఫ్ట్‌వేర్‌ల దేవుడెందుకన్నా, అన్నీ పీకేయండి" అని మూడో ఆయన. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా, మేం ఏం ఎంచుకున్నామో, ఎందుకో ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందు మూడో ఆయన మాట. క్యాలెండర్‌లో బతుకమ్మ, రంజాన్, క్రిస్మస్ లేకపోతే దాన్ని ఫోన్‌లో ఎవరు ఉంచుకుంటారు? ప్రోగ్రామర్లు వాడే ఈమ్యాక్స్ ఎడిటర్ క్యాలెండర్‌లో కూడా యూదుల, ముస్లింల, బహాయిల పండుగలున్నాయి. వద్దనుకున్నవాళ్లు సెట్టింగ్ మార్చి దాచుకుంటారు. దీని మీద ఇంతకన్నా చర్చ అక్కర్లేదు.

అసలు పోటీ ఈ రెండింటి మధ్యే: అన్నీ మెయిన్ రెపోలోకి తీసుకోవడమా, మత గ్రంథాలను విడి ప్యాకేజీలుగా ఉంచడమా?

మెయిన్‌లో పెడితే లాభం లేకపోలేదు. ఒక్కసారి దించుకుంటే చాలు. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో అది చిన్న విషయం కాదు. ఈ పక్షం వాళ్లు ఏ లైసెన్స్ ఓపెన్ సోర్సో తేల్చే ఓపెన్ సోర్స్ నిర్వచనంలోని 5వ నిబంధన కూడా చూపిస్తారు, ఎవరి పట్లా వివక్ష ఉండొద్దని. కానీ అది లైసెన్స్ గురించి. పంపిన ప్రతిదాన్నీ మెర్జ్ చేయాలని, అంటే మన కోడ్‌లో కలుపుకోవాలని, అందులో ఎక్కడా లేదు.

నన్ను అటు మొగ్గనీయనిది 3వ నిబంధన. కోడ్‌ను ఎవరైనా మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచుకోవచ్చు అంటుంది అది. మార్చే హక్కు లేకపోతే అది ఓపెన్ సోర్సే కాదు. మత గ్రంథం దగ్గర ధర్మం దీనికి సరిగ్గా ఎదురు. అక్షరం మారితే అపచారం. నెట్‌లో ఎక్కువమంది వాడే తంజీల్ ఖురాన్ పాఠాన్నే చూడండి. కాపీ చేసుకోండి, పంచుకోండి, పాఠాన్ని మాత్రం మార్చొద్దు అని షరతు. ఆ షరతులో తప్పేం లేదు, వాళ్ల జాగ్రత్త వాళ్లది. కాకపోతే దాన్ని తెచ్చి మా రెపోలో కలిపితే, మా లైసెన్స్ ఇచ్చే హక్కు ఆ ఒక్క ఫైల్ దగ్గర అబద్ధమవుతుంది. బైబిల్ కొత్త అనువాదాలకు కాపీరైట్ చిక్కు వేరే.

బైబిల్ సాఫ్ట్‌వేర్ చేసే స్వోర్డ్ ప్రాజెక్ట్ వాళ్లు ఈ ముడిని ఎప్పుడో విప్పారు. బైబిల్ చదివించే ఇంజిన్ జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉంటుంది, అనువాదాలు విడి మాడ్యూళ్లుగా ఎవరి అనుమతులతో వాళ్లవి వస్తాయి. డెబియన్ అనే లినక్స్ సిస్టమ్‌లోనూ కింగ్ జేమ్స్ బైబిల్ (పాత ఇంగ్లిష్ అనువాదం) ఒక విడి ప్యాకేజీయే. కావాల్సినవాళ్లు ఎక్కించుకుంటారు.

మరి తేదీలు? తిథి లెక్క గణితం. తప్పుంటే టెస్ట్ పట్టిస్తుంది, ఎవరైనా దిద్దొచ్చు. కాబట్టి అది మెయిన్‌లోనే ఉంటుంది. ఆ ధీమాతోనే మేడారం జాతరకు కూడా ఫార్ములా రాసి దెబ్బతిన్నా. 2024లో జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జరిగింది, చివరి రోజే మాఘ పౌర్ణమి. దాన్ని పట్టుకుని పౌర్ణమికి మూడు రోజుల ముందు మొదలు అని రాసేశా. 2026లో పౌర్ణమి ఫిబ్రవరి 1, జాతరేమో జనవరి 28నే మొదలైంది. నా లెక్క ఒక రోజు తప్పింది. వెనక్కి వెళ్లి చూస్తే 2022లో సరిగ్గా పౌర్ణమి నాడే, ఫిబ్రవరి 16న మొదలైంది. మూడింటికీ కలిసింది బుధవారం ఒక్కటే. తేదీ చెప్పేది పూజారులు, నా ఫంక్షన్ కాదు. ఇప్పుడు అది ఎవరైనా దిద్దగల డేటా ఫైల్‌లో ఉంది, రంజాన్ కూడా అందులోనే. నెలవంక కనబడ్డాక మారుస్తాం.

ఆ ఫైల్‌ను మతాలవారీగా విడగొడదామని ఒకరన్నారు. సరే, పీర్ల పండుగను ఎందులో వేయాలి? మా వైపు ఊళ్లలో పీర్లను ఎత్తుకునేవాళ్లలో, గుండం చుట్టూ ఆడేవాళ్లలో హిందువులు ఎందరో. అందుకని మతం పేరు లేదు, ఊరు, తేదీ మాత్రమే.

ప్రాజెక్టే ఒక మత నియమావళిని నెత్తిన పెట్టుకోవడం ఇంకో దారి. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ప్రాజెక్ట్ 2018లో క్రైస్తవ సన్యాసుల కోసం సెయింట్ బెనెడిక్ట్ రాసిన నియమాలతో ఆ పని చేసి, గొడవయ్యాక ఆ నియమావళికి పేరు మార్చింది. మా నలుగురికి అంత ఓపిక లేదు.

సహస్రనామం తమ్ముడు విడి ప్యాకేజీ చేసుకున్నాడు, మా యాప్ దాన్ని చక్కగా చదువుతోంది. మొదటి వారంలోనే ఒక నామం పాఠాంతరం మీద ఇద్దరు తగువుకు దిగారు. ఆ తగువు అతని రెపోలో నడుస్తోంది.