మైకా పౌడర్ సెట్: పొడి మంచిదే, పనితనం అంతా గ్లిజరిన్‌ది

నాటకంలో మాంత్రికుడి మందు సీసాల అర నింపడానికి తెప్పించుకున్న సెట్ ఇది. సీసా చేతిలోకి తీసుకుని తిప్పితే లోపల రంగులు సుడులు తిరగాలి, అదీ నాకు కావలసింది. చిన్న జిప్ కవర్లలో ముత్యపు మెరుపు రంగులు, వాటితోపాటు కొన్ని నియాన్ రంగులు, చీకట్లో వెలిగే పొడి కూడా వచ్చాయి. అమ్మేవాళ్ళు దీన్ని రెజిన్‌కీ (పోశాక గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) సబ్బులకీ అని రాశారు. నేను వాడింది ద్రవంలో, కాబట్టి ఆ సంగతే రాస్తున్నా.

ముత్యపు రంగులకు వంక పెట్టలేం. సన్నటి అభ్రకం (అదే మైకా) రేకుల మీద టైటానియం డయాక్సైడ్ పూత వేసిన పొడి ఇది. ద్రవం ఎటు కదిలితే రేకులు అటు వాలతాయి, అందుకే ప్రతి సుడీ కంటికి ఆనుతుంది. గ్లిటర్‌తో ఈ పని జరగదు, అది చుక్కలు చుక్కలుగా మెరిసి ఊరుకుంటుంది. మైకా చిటికెడు చాలు. చెంచాడు వేశారంటే సుడీ లేదు గిడీ లేదు, పెయింట్ డబ్బాలా ఉంటుంది.

అసలు కథ అంతా దాన్ని ఎందులో కలుపుతామన్న దగ్గరే ఉంది. ఉత్త నీళ్ళలో సుడి చూడముచ్చటగా వస్తుంది. కానీ అభ్రకం నీటికన్నా దాదాపు మూడు రెట్లు బరువు, కాసేపటికే అడుగున మడ్డి, పైన తేట నీళ్ళు. అచ్చంగా గ్లిజరిన్ పోస్తే పొడి దిగదు గానీ, సీసా ఆపిన మరుక్షణం లోపలిదీ ఆగిపోతుంది. ఆ రెంటి మధ్య ఎక్కడో ఆగాలి. ఎక్కడన్నదే చిక్కు. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గ్లిజరిన్ చిక్కదనం నీటికి 1000 రెట్లకు పైమాటే. బరువులో అయిదో వంతు నీళ్ళు పడితే చాలు, అది ఇరవయ్యో వంతు కంటే కిందికి జారిపోతుంది. అందుకని నీళ్ళు గ్లాసుతో ఒంపేసే పని పెట్టుకోకండి, డ్రాపర్ పట్టుకోండి. నటుడు చేత్తో తిప్పే సీసాకైతే సగం సగం బాగుంది. అరలో ఊరికే కనబడేదానికి మూడు పాళ్ళు గ్లిజరిన్, ఒక పాలు నీళ్ళు. పొడిని ముందు కాస్త గ్లిజరిన్‌లో తడిపి, ఆ తర్వాతే నీళ్ళు కలపాలి. పొడిగా నీళ్ళ మీద చల్లితే పైనే తేలుతూ సతాయిస్తుంది. నీళ్ళు డిస్టిల్డ్ వాటరైతే మేలు.

సెట్‌లో నాకు బాగా నచ్చినవి, చాలామంది పక్కన పడేసేవి, ఆ తెల్ల కవర్లు. పైన నీలం, ఊదా అని రాసి ఉంటుంది, విప్పితే తెల్లపొడే. చూడగానే మోసపోయామనిపిస్తుంది. అవి ఇంటర్‌ఫెరెన్స్ రంగులు. పూత మందాన్ని బట్టి ఒక్కో రంగు వెలుగును వెనక్కి పంపుతాయి, వెనక నలుపు ఉంటేనే ఆ రంగు కనబడుతుంది. సీసాలో నల్ల ఇంకు ఒక్క చుక్క వేసి దీపం ముందు తిప్పండి. చీకటి ద్రవంలో నీలి తెర కదులుతుంది. విషం సీసా అంటే ఇదీ!

నియాన్ కవర్లు దండగ. అది మైకా కాదు, మెరుపు లేదు, పైగా వేళ్ళకు అంటుకుంటే ఒక పట్టాన వదలదు. చీకట్లో వెలిగేది స్ట్రాన్షియం అల్యూమినేట్ రకమైతే, రక్షణ పూత లేకపోతే నీళ్ళలో పాడవుతుంది. పూత ఉందో లేదో కవరు మీద ఒక్క ముక్క రాయలేదు. బరువు కూడా ఎక్కువే, మైకా కన్నా ముందు అడుగుకు చేరుతుంది. దాన్ని రెజిన్‌కే ఉంచుకోండి.

ప్యాకింగ్‌కి మార్కులు వెయ్యను. జిప్ సరిగా పడక పొడి పెట్టె నిండా పాకింది. విప్పేటప్పుడు మాస్కు తప్పదు, ఇది ఊపిరితిత్తుల్లోకి పోవలసిన వస్తువు కాదు. ఇక బిరడా: పడుకోబెట్టిన సీసాలోంచి ఈ ద్రవం కార్కు పక్కనుంచి ఊరుతుంది, కాబట్టి కార్కును జిగురుతో అతికించి పైన మైనం పొయ్యాలి. ఎలాగూ నటులెవరూ మూత తీసి రుచి చూడకూడదు, ఆ మాట రిహార్సల్‌లోనే చెప్పేయండి.

అయిదుకు మూడున్నర స్టార్లు. ముత్యపు రంగులు, ఇంటర్‌ఫెరెన్స్ రంగులు మాత్రమే ఉన్న సెట్ మూత బిగించే డబ్బాల్లో దొరికితే, ఇది వదిలేసి అదే తీసుకోండి.