పొడవు మారని లెన్స్: సోనీ 200-600తో రెండు వానాకాలాలు

జూమ్ రింగు తిప్పినా ఈ కెమెరా లెన్స్ పొడవు మారదు. 200 మిల్లీమీటర్ల దగ్గర ఎంత ఉంటుందో 600 దగ్గరా అంతే ఉంటుంది (అంకె పెరిగేకొద్దీ దూరపుది దగ్గరగా కనిపిస్తుంది). కొనకముందు నాకిది పెద్ద విషయమని తోచలేదు. ఇప్పుడు ఎవరైనా లాంగ్ జూమ్ కొంటున్నామంటే ముందు అడిగేది ఇదే: తిప్పితే గొట్టం బయటికి సాగుతుందా, సాగదా? లెన్స్ వచ్చింది 2019లో. దాని పదును గురించి, ఫోకస్ వేగం గురించి ఈపాటికి అందరూ రాసేశారు, అవన్నీ నిజమే. నేను రాయాలనుకున్నది ఆ సాగని గొట్టం గురించి.

మాది చెన్నైలో వేళచ్చేరి. పళ్ళికరణై చిత్తడినేల ఇంటికి దగ్గర. సెలవు దొరికితే తెల్లారేసరికి అక్కడ ఉంటాను. పుట్టిల్లు సూళ్ళూరుపేట కాబట్టి చలికాలంలో సెంట్రల్ నుంచి లోకల్ ఎక్కి పోయి నేలపట్టు పక్షుల కేంద్రం, పులికాట్ సరస్సు కూడా చూసి వస్తుంటాను. ఈ తిరుగుడంతా నాలుగేళ్ళు ఒక పాత జూమ్‌తో చేశాను. కిలోన్నర బరువు, మామూలు బ్యాక్‌ప్యాక్‌లో పట్టేది. తిప్పితే ముందు గొట్టం జానెడు బయటికి వచ్చేది. గొట్టం సాగినప్పుడల్లా లోపలికి గాలి పోవాలి, ముడుచుకున్నప్పుడు ఆ గాలి బయటికి రావాలి. సైకిల్ పంపు పనిచేసే పద్ధతే. చెన్నైలో ఆ గాలి ఎలాంటిదో, అందులో తేమ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుఫాను వచ్చింది. దానికి ముందురోజు సన్నటి జల్లులోనే పళ్ళికరణై రోడ్డు మీద నిలబడి ఫొటోలు తీశాను. ఇంటికి వచ్చి లెన్స్‌ని పైపైన గుడ్డతో తుడిచి, బ్యాగులో పెట్టి, జిప్ వేసి అలమర పైన పెట్టాను. మర్నాటికి వీధంతా నీళ్ళు. మాది రెండో అంతస్తు, ఇంట్లోకి రాలేదు కానీ మూడు రోజులు కరెంటు లేదు. గోడలు చెమర్చాయి. అలమరలో పట్టుచీరలు కూడా ముక్కవాసన వేశాయి. కింది వాళ్ళ సామాను పైకి మోయడం, నీళ్ళు పోయాక బురద కడగడం, అమ్మ రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేయడం, వీటి మధ్య బ్యాగు సంగతే గుర్తు రాలేదు.

మళ్ళీ తీసింది సంక్రాంతికే. నేలపట్టులో పొద్దున్నే టవర్ ఎక్కి, నీటికడప చెట్ల మీద గూడబాతుల్ని (పెలికాన్లని) తీశాను. సూర్యుడు నా వెనక ఉన్నంతసేపూ ఫొటోలు బాగానే వచ్చాయి. ఎదురు వెలుగులోకి తిప్పగానే బొమ్మంతా పాలు పోసినట్టు తెల్లబారింది. మంచు అనుకున్నాను. ఎండ ఎక్కింది, మంచు విడిపోయింది, ఫొటోలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంటికి వచ్చి లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చి వేసి చూస్తే లోపల గాజు మీద సాలెపురుగు గూడు కట్టినట్టు సన్నటి పోగులు. ఒక చోట మొదలై చెట్టు కొమ్మల్లా చీలుకుంటూ పోయాయి. ఫంగస్ అనే మాట చాలాసార్లు విన్నాను. నా సొంత లెన్స్‌లో చూసేసరికి కడుపులో దేవినట్టయింది.

చెన్నై వచ్చాక మౌంట్ రోడ్డు వెనక సందులో రిపేరు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. నా అరవం వినగానే తెలుగులోకి మారిపోయారు.

"నెల్లూరు వైపా అమ్మా మీది?"

"సూళ్ళూరుపేటండీ."

లెన్స్‌ని దీపం ముందు అటూ ఇటూ తిప్పి చూసి, "బ్యాగులో పెట్టి మూసేసినారు గదా?" అన్నారు. అవునన్నాను. "తేమా, చీకటీ, గాలాడని చోటూ. దానికి ఇంకేం గావాలమ్మా? తుడిస్తే బూజు పోతాది. గాజు మీద పూసిన కోటింగ్‌ని తినేసుంటే మాత్రం ఆ మచ్చ పోదు. లోపలి గ్లాసులు విప్పినాక మళ్ళీ సరిగ్గా మునుపటి మాదిరే కూచుంటాయని నేను మాటివ్వలేను." ఖర్చు కొన్న ధరలో మూడో వంతు చెప్పారు. ఆలోచించి ఇచ్చాను. ఆయన చెప్పినట్టే జరిగింది. పోగులు పోయాయి, మచ్చ మిగిలింది, ఫ్రేములో ఒక పక్క పదును తగ్గింది. ఆ లెన్స్‌ని వచ్చిన ధరకు అమ్మేశాను. మొదటి గూడబాతు ఫొటో దానితోనే తీశాను కాబట్టి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

కొత్తది వెతికేటప్పుడు నా ముందు నాలుగు పేర్లు ఉన్నాయి. సోనీలోనే 100-400, 1.4 కిలోలు, మీటరు దూరంలోని సీతాకోకచిలుకను కూడా తీయొచ్చు. టామ్రాన్ 150-500, కిలోముప్పావు దాకా ఉంటుంది. సిగ్మా 150-600, బరువు 200-600తో సమానం. మూడూ మంచి పేరున్నవే, మూడూ సాగేవే. ఆ ఒక్క కారణంతో 2024 ఫిబ్రవరిలో 200-600 తీసుకున్నాను. కెమెరా బాడీ సోనీ ఏ7 ఫోర్. నికాన్ వాడేవాళ్ళకు 2023లో వచ్చిన 180-600 కూడా ఇలా లోపలే జూమ్ అయ్యేదే.

ఇక్కడే నేను ఊహించని సంతోషం ఒకటి దొరికింది. నేను కొన్నది తేమకు భయపడి. నిజంగా పనికొచ్చింది ఇంకో చోట. మరుసటి జనవరిలో నేలపట్టు టవర్ మీద ట్రైపాడ్‌కి గింబల్ (బరువైన లెన్స్‌ని తూకంగా పట్టుకుని ఎటైనా తేలిగ్గా తిరగనిచ్చే పట్టు) తగిలించి నిలబడ్డాను. మా చిన్నాన్న కొడుకు పక్కనే బైనాక్యులర్ పట్టుకుని ఉన్నాడు. పులికాట్ వైపు నుంచి గూడబాతులు చేపలు మింగుకుని పిల్లల దగ్గరికి తిరిగి వస్తున్నాయి. దూరంగా చుక్కలా కనిపించినదాన్ని 600లో పట్టుకున్నాను.

"అక్కా, అది నెత్తి మీదికే వస్తా ఉంది!"

నేరుగా మా వైపే వస్తోంది. రెక్కలు విప్పితే మనిషి పొడవును మించిన పక్షి, రెండు మూడు క్షణాల్లో ఫ్రేము నిండిపోయి రెక్కల కొసలు తెగిపోతాయి. పాత లెన్స్‌తో ఇలాంటప్పుడు ఎప్పుడూ ఓడిపోయేదాన్ని. చాలా దూరం తిప్పాలి, మధ్యలో చెయ్యి మార్చాలి, గొట్టం ముడుచుకోగానే బరువంతా వెనక్కి వచ్చి గింబల్ ముక్కు పైకి లేచేది, పక్షి పోయేది. ఇందులో రింగు పావు తిప్పు కూడా తిప్పక్కర్లేదు, వేలితో నెడితే చాలు. 600 నుంచి 200 దాకా వస్తూనే ఫొటోలు తీశాను. గింబల్ ఎక్కడ పెట్టింది అక్కడే నిలబడింది. చివరి ఫొటోలో ముక్కు మీది చుక్కలు, కింద వేలాడే సంచి, తడిసిన కాళ్ళు, రెండు రెక్కల కొసలూ ఉన్నాయి. దాన్ని పెద్దగా ప్రింటు వేయించి అమ్మ వాళ్ళ హాల్లో పెట్టాను. నాకు ఈ లెన్స్ అంటే ఆ క్షణమే.

కొన్న కొత్తలో దీనికి ఫంగస్ రాదని తెలిసిన వాళ్ళకు చెప్పేదాన్ని. ఆ మాటను ఇప్పుడు సరిదిద్దుకోవాలి. గాలిని పంపులా లాగదు, అంతవరకే నిజం. ఏ లెన్సూ సీసాలా బిగుతుగా ఉండదు. రెండో వానాకాలం అయ్యాక టార్చి వేసి చూస్తే లోపల ఒక దుమ్ము నలుసు కనిపించింది. ఫొటోలో తెలియదు, కానీ ఉంది. అందుకే ఇప్పుడు బ్యాగులో ఉంచను. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు. ముల్లు 40 శాతానికీ 50 శాతానికీ మధ్య ఉండేలా చూసుకుంటాను. వానలప్పుడు జెల్‌ను పది రోజులకోసారి ఎండబెట్టాల్సి వస్తుంది. ఏసీ గదిలో పడుకోబెట్టిన లెన్స్‌ని తెల్లవారుజామున అలాగే బయటికి తెస్తే ముందు అద్దానికి పట్టిన తడి ఆరడానికి చాలాసేపు పడుతుంది. అందుకని డబ్బా ఉండేది హాల్లో.

ఇంకొకటి. మొదటి వేసవిలో పళ్ళికరణైలో తొమ్మిది దాటాక తీసినవేవీ పదునుగా రాలేదు. ఈకలన్నీ కరిగినట్టు ఉండేవి. లెన్స్ చెడిందేమోనని నాలుగు రోజులు టెన్షన్ పడ్డాను. బాల్కనీలో తులసికోటను తీస్తే ప్రతి ఆకూ గీసినట్టు వచ్చింది. తప్పు మధ్యలో ఉన్న వేడిగాలిది. నీళ్ళ మీద, తారురోడ్డు మీద ఎండమావి ఆడుతుంటే 600 ఆ ఆటను కూడా పెద్దది చేసి చూపిస్తుంది. ఎంత ఖరీదైన లెన్సయినా ఆ గాలిని దాటి చూడలేదు. దూరపు పక్షిని ఎనిమిదిలోపే తీయాలి, తర్వాత దగ్గరికి వచ్చినదాన్నే తీయాలి. పొద్దున్నే తీయాలంటేనేమో 600 దగ్గర అపర్చర్ 6.3, అంటే లోపలికి వచ్చే వెలుగు తక్కువ. మబ్బు పట్టిన రోజు ఎగిరే పక్షికి ఐఎస్‌ఓ (వెలుగు చాలనప్పుడు పెంచే సెట్టింగు, పెంచితే ఫొటో గరుకవుతుంది) 6400 దాకా పోతుంది. ఆ గరుకు నాకు ఇబ్బంది కాదు, కొందరికి అవుతుంది.

బరువు 2,115 గ్రాములు, అదీ ట్రైపాడ్ కాలు లేకుండా. బాడీతో కలిపి మూడు కిలోల దగ్గరికి వస్తుంది. మెడకు తగిలించుకుని ఒక పూట తిరిగాక కుడి భుజం వారం నొచ్చింది. ఇప్పుడు అడ్డంగా వేసుకునే పట్టీ వాడుతున్నాను. పైగా సాగనిది అంటే ముడవనిది కూడా. అడుగుకు పైనే పొడవు, ముందు హుడ్ (ఎండ పడకుండా పెట్టే గొట్టం) వేస్తే ఇంకా ఎక్కువ. పాత బ్యాగు పనికిరాలేదు. రద్దీ లోకల్‌లో దాన్ని ఒడిలో పెట్టుకుని కూచోవాలి, నిలబడాల్సి వస్తే చాలా కష్టం. ఈ పొడవు గురించి మొదటి ఏడాది నేను ఎవరికీ చెప్పలేదు. పక్షి ఫొటో చూసిన ఆనందంలో అది చిన్నదిగా అనిపించింది. ఇప్పుడంత చిన్నది కాదు.

నా వరకు మళ్ళీ కొనమన్నా ఇదే కొంటాను. పళ్ళికరణై ఇంటి పక్కన ఉంది, నేలపట్టుకు పోతే బండి నడిపే తమ్ముడు ఉన్నాడు, విమానం ఎక్కే పని లేదు, నేను తీసేది దాదాపు పక్షుల్నే. పోయిన నెల ఆఫీసులో ఒకమ్మాయి అడిగింది. ఉండేది హోసూరు, పిల్లలిద్దరితో కొండలకు తిరుగుతారు, పక్షి కనిపిస్తే సరే, లేకపోతే పువ్వు. తనకు 100-400 తీసుకోమన్నాను, అది సాగేదే అయినా. డబ్బా, సిలికా జెల్ మాత్రం లెన్స్ కంటే ముందు కొనిపించాను.