లింటన్ నీళ్ల రైలు: ఎక్కడానికి టికెట్, దిగడానికి నడక

ఇంగ్లండ్, వేల్స్ తీరాల్లో కొండెక్కే రైళ్లు చాలానే ఉన్నాయి. ఒక్కదానికే తీరిక ఉంటే ఇంగ్లండ్ నైరుతిలోని ఉత్తర డెవాన్‌కే వెళ్లండి. వేల్స్‌లోని అబెరిస్ట్‌విత్ రైలు 1896లో నీళ్లతోనే మొదలైనా 1921లో కరెంటుకు మారిపోయింది. కింద లిన్మత్ నుంచి పైన లింటన్‌కు ఎక్కే ఈ రైలు మాత్రం 1890 ఏప్రిల్ 7 నుంచీ నీళ్ల బరువుతోనే నడుస్తోంది. మోటారు లేదు, పొగ లేదు.

పట్టాల పొడవు 862 అడుగులు, ఎక్కే ఎత్తు 500 అడుగులు. మెట్లెక్కినట్టే ఉంటుంది. రెండు పెట్టెలు, ఒక్కోదాని అడుగున 700 గ్యాలన్ల తొట్టి, అంటే దాదాపు 3,180 లీటర్లు. కింద డ్రైవరు తన తొట్టిలోని నీళ్లు వదలడం మొదలుపెడతాడు. భళ్లున నీళ్లు పోయే చప్పుడు, ఆ తర్వాత ఏ మోతా లేకుండా పెట్టె కదులుతుంది. పై పెట్టె బరువెక్కువై దిగుతూ కింది దాన్ని లాగేస్తుందన్నమాట. బావి గిలక లెక్కే. రెంటినీ కలిపే తాడు పైనా కిందా చక్రాల మీదుగా చుట్టు తిరిగి వస్తుంది కాబట్టి తాడు బరువు ఎప్పుడూ ఒకవైపే పడదు. అంత వాలులో చక్రాలను పట్టుకునే బ్రేకులు చాలవు. అందుకే నీటి ఒత్తిడితో పట్టాను అదిమేవి ఒక రకం, పటకారులా బిగించేవి ఇంకో రకం పెట్టారు. డ్రైవరు చేయి వదిలితే బ్రేకు పడినట్టే.

డబ్బు పెట్టింది పత్రికాధిపతి జార్జ్ న్యూన్స్, నమూనా గీసింది జార్జ్ క్రాయ్డన్ మార్క్స్. అంతకుముందు ఓడల్లో దిగిన బొగ్గూ సరుకులూ గుర్రాల వీపు మీద కొండెక్కాల్సిందే. అందుకే మొదట్లో పెట్టె పై భాగాన్ని తీసేసి సామాన్లెక్కించేలా కట్టారు. రోజుకు 60,000 గ్యాలన్ల దాకా లిన్ లోయ నీళ్లు వాడుకునే శాశ్వత హక్కు 1888 చట్టంతో దక్కింది. ఆ నీళ్లు మైలుకు పైగా గొట్టంలో వస్తాయి.

ఇక బస సంగతి. పైన గది తీసుకుని భోజనానికి కిందికి దిగే పొరపాటు చాలామంది చేస్తారు. సాయంత్రం రైలు ఆగిపోతే మిగిలేది నాలుగడుగులకో అడుగు లేచే రోడ్డు. నిండు కడుపుతో అది ఎక్కితే పెద్దవాళ్లు మర్నాడు మాట్లాడరు. కిందే ఉండండి. చలికాలంలో రైలు మూసేస్తారు, ముందే చూసుకోండి.

రానుపోను టికెట్ కొనకండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను మినహాయిస్తే, ఎక్కడానికి మాత్రం కొని, వంకర్ల కాలిబాటలో దిగండి. బాట పట్టాల మీదుగా వంతెనలు దాటుతుంది. పెట్టెలు ఎదురెదురుగా దాటుకోవడం అక్కణ్నుంచి చూసినంత బాగా లోపలి నుంచి కనబడదు. దిగేముందు పైన టీతో స్కోన్ (చిన్న గుండ్రటి రొట్టె) తినండి. డెవాన్‌లో ముందు మీగడ, దాని మీద జామ్. పక్క కార్న్‌వాల్‌లో తలకిందులు.