జొన్నెబెర్గ్‌లో బొమ్మ కొనే ముందు విగ్గు తియ్యమనండి

పాత పింగాణి బొమ్మల మీద మోజుతో జర్మనీలోని జొన్నెబెర్గ్ వెళ్ళేవాళ్ళకు నా సలహా ఒక్కటే. డబ్బు వర్క్‌షాపులో ఖర్చు పెట్టండి, పాత సామాన్ల కొట్లో వద్దు.

న్యూరెంబర్గ్ నుంచి కోబుర్గ్ మీదుగా రైలు ప్రయాణం హాయిగా సాగింది. జర్మనీ అంతటా లోకల్ రైళ్ళకు చెల్లే నెల పాసు, డాయిచ్‌లాండ్ టికెట్ (2025లో నెలకు 58 యూరోలు) ఉండడంతో నాకూ మా ఆయనకూ పైసా ఖర్చు లేదు. బస దగ్గరే మండింది. గది 79 యూరోలని చెప్పి, తీరా దిగాక దుప్పట్లకూ తువాళ్ళకూ మా అత్తయ్యగారితో కలిపి ముగ్గురికీ మనిషికి 8 చొప్పున ఇంకో 24 గుంజారు. కెటిల్ కూడా లేదు. పొద్దున్నే కాఫీ పడకపోతే మా అత్తయ్యగారు ఎవరితోనూ మాట్లాడరు.

1901లో పెట్టిన బొమ్మల మ్యూజియంలో ఆవిడ మౌనం వీడింది. 1910 బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శన కోసం ఇక్కడివాళ్ళు చేసిన తిరునాళ్ళ దృశ్యం చూసి, "మన కొలువేనే అమ్మాయ్, మెట్లు లేవంతే" అన్నారు.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ వర్క్‌షాపుకు వెళ్ళాం, మనిషికి 25 యూరోలు. కేయొలిన్ మట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ కలిపిన ద్రావణం మజ్జిగ కంటే కాస్త చిక్కగా ఉంది. దాన్ని ప్లాస్టర్ అచ్చులో పోసి, కొన్ని నిమిషాలాగి, మిగిలింది వంపేశారు. ప్లాస్టర్ నీళ్ళు పీల్చుకోవడంతో గోడలకు పల్చటి పొర అంటుకుని ఉంది. అదే తల. తడి పూర్తిగా ఆరకముందే సన్నటి కత్తితో కళ్ళు కోస్తారు, నడినెత్తి తెరుస్తారు. గాజు కళ్ళు పెట్టేది ఆ కంతలోంచే. పాతరోజుల్లో ఆ కళ్ళు పక్కనున్న లౌషా ఊరి గాజు పనివాళ్ళ దగ్గర్నుంచి వచ్చేవి. 1200 డిగ్రీలు దాటిన కొలిమిలో కాల్చాక తల చిన్నదైపోతుంది. కాల్చనిదీ కాల్చిందీ పక్కపక్కన పెడితే అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి. తర్వాత బుగ్గలకు రంగు వేసి మళ్ళీ కొలిమి, కనుబొమలు వేసి మళ్ళీ కొలిమి. ఆవిడ కనుబొమను ఒక్కో వెంట్రుకా విడిగా గీస్తుంటే అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుని మరీ చూశారు.

పాత తల కొనేటప్పుడు విగ్గు ఎత్తి లోపల మొబైల్ టార్చి వెయ్యమనీ, పగులుంటే నల్లటి గీతలా కనబడుతుందనీ, మెడ వెనక అచ్చు అంకె చూడమనీ ఆవిడే చెప్పారు.

సాయంత్రం ఒక కొట్లో చక్కటి బొమ్మ. 1880 నాటిది, 320 యూరోలు అన్నాడు. అత్తయ్యగారు దాన్ని బోర్లించారు. మెడ వెనక 'జర్మనీ', 'ఏ.ఎం. 390'. ఏ.ఎం. అంటే ఆర్మాండ్ మార్సెయ్. ఈ ఊళ్ళో కలిసిపోయిన కోపెల్స్‌డోర్ఫ్‌లో ఆయన కార్ఖానా ఉండేది. 390 అచ్చు 1900 ప్రాంతంలో మొదలై దశాబ్దాల పాటు లెక్కలేనన్ని తలలు పోసింది. అరుదైనదేం కాదు. పైగా దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా చట్టం చేసిందే 1890లో. విగ్గు తియ్యమంటే జిగురు పాడవుతుందన్నాడు. తలుపు దాకా వచ్చేసరికి ధర 180కి దిగింది! మా ఆయన ఆగబోయారు. అత్తయ్యగారు ఆగలేదు.

మర్నాడు వర్క్‌షాపుకే వెళ్ళి, కొలిమిలో చెవి దగ్గర కాస్త వంకరపోయిన తల ఒకటి 15 యూరోలకు కొన్నారు. కళ్ళు లేవు, విగ్గు లేదు. "దీన్ని కొలువులో ఎలా పెడతావమ్మా?" అని మా ఆయన అడిగితే, "ముందు లౌషా రైలెప్పుడో చూడరా, కళ్ళు కొనాలి" అన్నారు.