ఐడీహెచ్, ఎంజీఎంటీ: గ్లియోబ్లాస్టోమాలో ఏ పరీక్ష మేలు?

గ్లియోబ్లాస్టోమా అనే ఉగ్రమైన మెదడు కణితి అనుమానంతో శస్త్రచికిత్సలో తీసిన కణజాలం కొద్దిగానే ఉన్నప్పుడు ఐడీహెచ్ అనే జన్యువు పరీక్షకు ముందు చోటివ్వాలా, ఎంజీఎంటీ అనే జన్యువు పరీక్షకా అని రోగుల కుటుంబాలవారు తరచుగా అడుగుతున్నారు. రెండూ చేయించడమే సరైన పని. అయినా ఆ రెండూ చెప్పే సంగతులు వేరు.

ఐడీహెచ్ పరీక్ష జబ్బు పేరు తేలుస్తుంది. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం, ఈ జన్యువులో మార్పు ఉన్న కణితి సూక్ష్మదర్శిని కింద ఎంత ఉగ్రంగా కనిపించినా దాన్ని గ్లియోబ్లాస్టోమా అనరు. అలాంటి రోగులు సగటున ఎక్కువ కాలం బతుకుతారు కూడా. ఐడీహెచ్ మార్పుల్లో అన్నిటికంటే తరచుగా కనిపించే ఆర్132హెచ్‌ను పట్టుకోవడానికి కణజాలం నుంచి తీసిన పలుచని ఒక్క పొర చాలు. దాన్ని గుర్తించే ప్రతిరక్షకం (యాంటీబాడీ) వేసినప్పుడు కణితి కణాలు గోధుమరంగుకు తిరిగితే మార్పు ఉన్నట్టే. రంగు రాకపోతే, 55 ఏళ్లలోపువారికి జన్యువును అక్షరం అక్షరంగా చదివే సీక్వెన్సింగ్ కూడా చేయించాలి.

ఎంజీఎంటీ పరీక్ష మందు పనితనం గురించి చెబుతుంది. ఈ జబ్బుకు వాడే కీమోథెరపీ మందు టెమోజోలోమైడ్ కణితి డీఎన్ఏలో ఒక భాగమైన గ్వానిన్‌కు మిథైల్ గుంపును అతికిస్తుంది. ఎంజీఎంటీ ప్రోటీన్ ఆ గుంపును తన మీదికి లాక్కుని డీఎన్ఏను బాగుచేస్తుంది, ఆ ఒక్క పనితోనే తాను ఖర్చైపోతుంది. ఎంజీఎంటీ జన్యువును పనిచేయించే ప్రమోటర్ భాగానికి మిథైల్ గుంపులు అంటుకుని (దీన్నే మిథైలేషన్ అంటారు) ఆ జన్యువు మూగబోతే ఈ మరమ్మతు సరిగా జరగదు, మందు చేసిన దెబ్బ నిలుస్తుంది. 2005లో వెలువడిన విశ్లేషణలో, మిథైలేషన్ ఉన్నవారి మధ్యస్థ జీవితకాలం రేడియేషన్ ఒక్కదానితో 15.3 నెలలుండగా, టెమోజోలోమైడ్ కలిపినప్పుడు 21.7 నెలలకు చేరింది. మిథైలేషన్ లేనివారిలో అది 11.8 నుంచి 12.7 నెలలకు మాత్రమే పెరిగింది.

ఫలితం చేతికొచ్చాక వైద్యం మారుతుందా అన్నదే నా దృష్టిలో అసలు కొలమానం. వయసులో ఉన్నవారికి, అంతకంటే మెరుగైన మందు లేదు కనుక, మిథైలేషన్ లేకపోయినా చాలామంది వైద్యులు టెమోజోలోమైడ్ ఇస్తూనే ఉన్నారు. వృద్ధుల విషయం అలా కాదు. 2012లో వెలువడిన ఎన్ఓఏ-08, నార్డిక్ అధ్యయనాలు రెండింటిలోనూ, మిథైలేషన్ ఉన్న వృద్ధులకు టెమోజోలోమైడ్ ఒక్కటే ఇచ్చినా మంచి ఫలితం కనిపించింది. రేడియేషన్, టెమోజోలోమైడ్ రెండింటినీ తట్టుకోగలవారికి అవి కలిపే ఇస్తారు. తట్టుకోలేని బలహీనులు వారాల తరబడి రేడియేషన్‌కు తిరగాలా, ఇంట్లోనే మాత్రలు వేసుకోవచ్చా అన్నది మాత్రం ఈ ఒక్క ఎంజీఎంటీ నివేదికతో తేలుతుంది. అందుకే డెబ్బై దాటినవారి విషయంలో నా మొగ్గు ఎంజీఎంటీ వైపే.

మిగతా జన్యు పరీక్షల్లో టెర్ట్, ఈజీఎఫ్ఆర్ రోగనిర్ధారణకు తోడ్పడతాయి. బీరాఫ్ జన్యువులో వి600ఇ అనే మార్పు అరుదు గానీ దానికి సరిపడే మందులున్నాయి.

మిథైలేషన్‌ను కొలిచే పద్ధతులూ, ఉన్నదీ లేనిదీ విడదీసే గీతా ప్రయోగశాలను బట్టి మారుతుంటాయి. కాబట్టి నివేదికలో ఉంది, లేదు అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఏ పద్ధతిలో కొలిచారో, విలువ ఎంత వచ్చిందో అడగాలి. ఆ విలువ గీతకు దగ్గరగా ఉన్నప్పుడు, దాన్ని మాత్రమే చూసి టెమోజోలోమైడ్ మానేయడాన్ని నేను సమర్థించను.