ఫినోమినోగ్రఫీయా, గ్రౌండెడ్ థియరీయా, థీమాటిక్ అనాలిసిసా: ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మీద పరిశోధనకి ఏది మేలు?

కంప్యూటింగ్ బోధన మీద పరిశోధన మొదలుపెట్టేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: విద్యార్థుల్ని ఇంటర్వ్యూ చేద్దామనుకుంటున్నాం, విశ్లేషణకి ఏ పద్ధతి ఎంచుకోవాలి? అడిగేవాళ్లకి పద్ధతుల నిర్వచనాలు తెలుసు, ఏది తీసుకోవాలన్నదే తేలదు. శాంపిల్ ఎంత, సాఫ్ట్‌వేర్ ఏది, గైడు దేనికి ఒప్పుకుంటారు అనే లెక్కలకన్నా ముందు ఒకటి తేల్చుకోవాలి. పని పూర్తయ్యాక చేతికొచ్చే ఫలితం ఏ రూపంలో ఉంటుంది, పాఠం చెప్పేవాళ్లు దాన్ని ఏం చేసుకోగలరు? నా దృష్టిలో ఎంపికని నిర్ణయించేది ఇదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పైథాన్‌లో ఒక లిస్టుని రెండో పేరుకి అసైన్ చేసి, ఆ రెండో పేరు ద్వారా ఒక ఎలిమెంట్ చేరిస్తే, మొదటి పేరుతో ప్రింట్ చేసినా ఆ ఎలిమెంట్ కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ తికమకపడతారు. ఈ తికమక గురించి ఫినోమినోగ్రఫీ అడిగేది, తరగతి మొత్తంలో అసైన్‌మెంట్‌ని ఎన్ని రకాలుగా అర్థం చేసుకుంటున్నారని. గ్రౌండెడ్ థియరీ అడిగేది, తికమకపడ్డాక విద్యార్థి ఏం చేస్తాడు, కొందరు ఎలా బయటపడతారు, కొందరు ఎందుకు వదిలేస్తారని. థీమాటిక్ అనాలిసిస్ వాళ్ల అనుభవాల్లో మళ్లీమళ్లీ కనిపించే అర్థాల్ని పైకి తెస్తుంది. థింక్ అలౌడ్ (పని చేస్తూ మనసులో నడిచేదాన్ని పైకి పలికించడం) ఏ లైను దగ్గర ఆలోచన దారి తప్పిందో చూపిస్తుంది. నాలుగూ మంచి ప్రశ్నలే, కానీ ఒకదాని పద్ధతితో ఇంకోదానికి జవాబు రాదు.

మీ ప్రశ్న ఒక భావన గురించైతే (వేరియబుల్, రికర్షన్, ఆబ్జెక్ట్, పాయింటర్) నేను ఫినోమినోగ్రఫీ వైపే మొగ్గుతాను. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఫెరెన్స్ మార్టన్ బృందం రూపొందించిన పద్ధతి ఇది. షర్లీ బూత్ 1992లో అక్కడే ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మీద డాక్టరేట్ చేశారు. తర్వాత ఉప్సాలాలో అన్నా ఎకెర్డాల్, మైకేల్ థునే జావా నేర్చుకునేవాళ్లు 'ఆబ్జెక్ట్'ని ఎలా చూస్తారో మూడు రకాలుగా తేల్చారు: కోడ్ ముక్కగా, ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు ఏదో పని చేసేదిగా, బయటి ప్రపంచంలోని ఒకదానికి నమూనాగా. ఒక్కో రకం ముందుదాన్ని తనలో కలుపుకుంటూ పోతుంది. మొదటి రకం దగ్గర ఆగినవాళ్లకి రెండో రకం అందాలంటే ఏం కనిపించాలో ఆ వరసలోనే ఉంది. మిగతా పద్ధతుల్లో ఇంత నేరుగా పాఠంలోకి దిగే ఫలితం అరుదు.

దిగడం ఎలాగంటే, మార్టన్ ప్రతిపాదించిన వేరియేషన్ థియరీ ప్రకారం విద్యార్థికి కనిపించని అంశాన్ని మాత్రమే మార్చి, మిగతావన్నీ కదలకుండా ఉంచాలి. మన లిస్టు ఉదాహరణలో రెండు ప్రోగ్రాంలు పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో లిస్టునే అసైన్ చేయాలి, రెండోదాంట్లో దాని కాపీని. వేరియబుల్ పేర్లు, విలువలు, చేర్చే ఎలిమెంట్ అన్నీ అవే. పేర్లూ విలువలూ కూడా మార్చేస్తే తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో విద్యార్థికి తెలియదు.

డేటా సేకరణకి 15 నుంచి 20 ఇంటర్వ్యూలు, ఒక్కోటి 40 నుంచి 60 నిమిషాలు సాధారణంగా సరిపోతాయి. ఎంపికలో మార్కులు, ముందు అనుభవం, సెక్షన్ వేర్వేరుగా ఉన్నవాళ్లని తీసుకోవాలి. వైవిధ్యమే ఇక్కడ ఫలితం కాబట్టి, బాగా చదివేవాళ్లే వస్తే కింది మెట్లు కనిపించవు. చిన్న కోడ్ ముక్క చేతికిచ్చి 'ఇక్కడ ఏం జరుగుతోంది?' అని అడిగి, ఆపైన 'అంటే?', 'ఇంకో ఉదాహరణ చెప్పండి' అని మాత్రమే తవ్వాలి. 'రిఫరెన్స్' అనే మాట విద్యార్థి కన్నా ముందు మీ నోట వస్తే ఆ భాగం పనికిరాదు. అధ్యాపకులే పరిశోధకులైనప్పుడు తప్పు విని దిద్దేయాలనిపిస్తుంది. దిద్దడం ఇంటర్వ్యూ అయ్యాకే.

విశ్లేషణలో ముఖ్యమైన మాటల్ని ఇంటర్వ్యూల నుంచి వేరుచేసి ఒకచోట పోసి, అందరివీ కలిపి చదవాలి. కేటగిరీలు, అంటే అర్థం చేసుకునే రకాలు, మూడు నుంచి ఆరు మధ్య తేలడం మామూలు. తేలాక ప్రతి మాటనీ మళ్లీ దాని సందర్భంలో పెట్టి సరిచూడాలి. ఎక్కువమంది చేసే తప్పు విద్యార్థుల్ని కేటగిరీల్లో కూర్చోబెట్టి 'ఇంత శాతం మంది రెండో కేటగిరీ' అని రాయడం. కేటగిరీ అర్థానికి చెందింది, మనిషికి కాదు. ఒకే విద్యార్థి ఒకే ఇంటర్వ్యూలో రెండు రకాలుగా మాట్లాడతాడు.

గ్రౌండెడ్ థియరీ బలం ప్రక్రియలో ఉంది. 1967లో గ్లేజర్, స్ట్రాస్ దీన్ని పుస్తకంగా తెచ్చినప్పటి నుంచీ దీని ప్రాణం ఒకటే: సేకరణ, విశ్లేషణ కలిసి నడవాలి. నాలుగైదు ఇంటర్వ్యూలు చేసి, కోడ్ చేసి (అంటే విద్యార్థుల మాటలకి అర్థాన్ని బట్టి చిన్న లేబుళ్లు పెట్టి), తోచిన ఆలోచనల్ని మెమోలుగా రాసి, తర్వాత ఎవర్ని ఏం అడగాలో వాటి నుంచే తేల్చుకోవాలి. కంప్యూటింగ్ కోర్సుల్లో ఇక్కడే ఇబ్బంది. సెమిస్టర్ అయిపోతే విద్యార్థులు దొరకరు. దొరికినా, మూడో వారంలోని నిస్పృహ పదిహేనో వారంలో చెప్పేసరికి రంగు మారిపోతుంది. ఎథిక్స్ అనుమతిలో ప్రశ్నలన్నీ ముందే బిగించేస్తే మధ్యలో మార్చడానికీ వీలుండదు. దరఖాస్తులోనే ప్రశ్నలు మారవచ్చని, ఒకరినే మళ్లీ కలవవచ్చని రాసుకోవాలి. రెండు వారాల్లో ఇంటర్వ్యూలన్నీ ముగించి ఆ తర్వాత ఓపెన్ కోడింగ్ (లేబుళ్లు ముందే పెట్టుకోకుండా డేటా నుంచే తీయడం) చేస్తే అది గ్రౌండెడ్ థియరీ కాదు, పేరు ఏది పెట్టినా సరే. వారం వారం విద్యార్థుల్ని కలిసే వీలుండి, 'ప్రోగ్రామింగ్ వదిలేయడం ఎలా జరుగుతుంది' లాంటి ప్రశ్న ఉంటే మాత్రం దీనికి సాటి లేదు.

రికార్డింగులు ముందే చేతిలో ఉంటే థీమాటిక్ అనాలిసిసే దారి. బ్రౌన్, క్లార్క్ 2006లో చెప్పిన ఆరు దశలు అందరికీ తెలిసినవే. తెలిసీ జారిపడే చోటు థీమ్ దగ్గర. 'కష్టాలు', 'ప్రేరణ', 'గ్రూపు పని' అన్నవి అంశాల పేర్లు, థీములు కావు. థీముని పూర్తి వాక్యంగా రాయగలగాలి: 'ఎర్రర్ మెసేజ్‌ని విద్యార్థులు సమాచారంగా కాక తమమీద తీర్పుగా చదువుతున్నారు.' ఇలా రాయలేకపోతే విశ్లేషణ ఇంకా కాలేదన్నమాట. ఇంకో మాట: కోడ్‌బుక్ (లేబుళ్ల జాబితా) ముందే బిగించి ఇద్దరు విడివిడిగా కోడ్ చేస్తే కోహెన్ కాపా (ఇద్దరి కోడింగ్ ఎంతవరకు కలిసిందో చెప్పే కొలత) లెక్కకి అర్థం ఉంది. రిఫ్లెక్సివ్ పద్ధతిలో (పరిశోధకుల సొంత చూపు కూడా విశ్లేషణలో భాగమే అనుకునే తీరులో) చేశామంటూనే కాపా కూడా ఇస్తే రెండు పొసగని నమ్మకాల్ని ఒకే పేపర్లో కలిపినట్టే. సమీక్షకులు అడిగినా ఇవ్వక్కర్లేదు. ఎందుకివ్వలేదో ఒక పేరా రాస్తే చాలు.

కేస్ స్టడీ అనేది డేటాకి గిరి గీసే తీరు. లోపల విశ్లేషణ పద్ధతి వేరే కావాలి. ఎథ్నోగ్రఫీకి (విద్యార్థుల మధ్యే ఉండి గమనించే పద్ధతికి) నెలల తరబడి ల్యాబులో కూర్చునే వీలుండాలి. లేకపోతే వద్దు.

థింక్ అలౌడ్‌ది వేరే జాతి. అది విశ్లేషణ కన్నా ముందు డేటా పుట్టించే తీరు. ఎరిక్సన్, సైమన్ చెప్పినట్టు, మనసులో నడిచేదాన్ని ఉన్నదున్నట్టు పలకమనాలి. 'ఎందుకు?' అని అడిగితే విద్యార్థి వివరణ కల్పించడం మొదలుపెడతాడు, దాంతో ఆలోచనే మారిపోతుంది. మౌనం కొంచెం సాగితే 'మాట్లాడుతూ ఉండండి' అంటే చాలు. ముందు ప్రోగ్రామింగ్‌తో సంబంధం లేని ఒకట్రెండు అభ్యాస లెక్కలు ఇవ్వాలి. ఏ భాషలో ఆలోచిస్తే ఆ భాషలోనే మాట్లాడనివ్వాలి. టాస్క్ మరీ తేలికైతే చెప్పడానికేమీ ఉండదు, మరీ కష్టమైతే నోరు పెగలదు. కాబట్టి ముందు ఇద్దరి మీద పరీక్షించి సరిచేసుకోవాలి. స్క్రీన్ రికార్డింగ్ తప్పనిసరి. అది లేకపోతే 'ఇది ఇక్కడికెళ్తుంది' అన్న మాటలో ఇది ఏదో, ఇక్కడ ఎక్కడో ట్రాన్‌స్క్రిప్ట్‌లో తెలియదు.

దీన్ని ఫినోమినోగ్రఫీ ఇంటర్వ్యూతో కలపాలనుకుంటే ఒకే సిట్టింగులో థింక్ అలౌడ్ ముందు, ఇంటర్వ్యూ తర్వాత పెట్టండి. తలకిందులైతే ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నలే విద్యార్థికి సూచనలైపోయి, ఆ తర్వాత కోడ్ చదివే తీరు మారిపోతుంది.